మెలిపెట్టే చెయ్యి

ఇంగ్లీషు మాస్టారు పోయారన్న కబురు నాకు పలాస బజారులో తెలిసింది. జీడిపప్పు కోసం ఎప్పుడూ వెళ్ళే కొట్టుకే వెళ్ళాను. కొట్టు యజమాని ఒకప్పుడు మా బడిలో చదువుకున్నవాడే, ఇప్పుడు మనవల్ని ఎత్తిన పెద్దమనిషి. పొట్లం కడుతున్నవాడల్లా ఆగి, "అమ్మా, మీకు తెలిసినాదో నేదో, ఇంగిలీసు మాస్టారు ఎల్లిపోనారు," అన్నాడు. అంటూనే ఎడమ చెవి తడుముకున్నాడు. త్రాసు పక్కన నిలబడ్డ ఇంకో నెరిసిన తల కూడా చెవి మీద చెయ్యేసుకుంది. ఆయన దగ్గర చదివినవాళ్ళని ఎక్కడున్నా ఇట్టే పోల్చుకోవచ్చు. ఆయన పేరెత్తితే ముందు చెయ్యి చెవి మీదికి పోతుంది, దండం ఆ తరవాత పెడతారు.

నేను ఆయన దగ్గర చదువుకోలేదు, ఆయనతో కలిసి పనిచేశాను. అరవైల చివర్లో, టెక్కలికీ సముద్రానికీ మధ్య ఉన్న ఓ ఊరి హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. మా నాన్న టెక్కలిలో పురోహితుడు. ఆయన కూతురు బస్సెక్కి ఉద్యోగానికి పోవడమేమిటని చుట్టాలు బుగ్గలు నొక్కుకుంటున్న రోజులవి. నాకు అప్పుడు నోరెక్కువ, ఇప్పుడూ తక్కువేం కాదు. అందుకే ముందే చెప్పేస్తున్నాను, ఆయన మంచివాడని నిరూపించడానికి ఇది రాయడం లేదు. చేరిన మొదటి వారమే ఆయనంటే నాకు అసహ్యం పుట్టింది. అది పూర్తిగా పోయిందని ఇవాళ కూడా అనలేను.

మనిషి పొట్టి. మెడ ఉందా లేదా అన్నట్టుండేది. చేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి అతికించినట్టు పెద్దవి. ఉద్దానం కొబ్బరితోటల్లో పుట్టినవాడు. ఆ ఇళ్ళల్లో పిల్లలకి మాటలు సరిగా రాకముందే పీచుతాడు పేనడం వచ్చేస్తుంది. ఖాళీ పీరియడ్లో మేమంతా పేపరు చూస్తుంటే, ఆయన సంచిలోంచి కొబ్బరిపీచు తీసి, పంచె పైకి మడిచి, తొడ మీద కుడి అరచేత్తో పురిపెడుతూ కూర్చునేవాడు. ఆ తొడ మీద ఒక్క వెంట్రుక ఉండేది కాదు. ఎదురుగా ఓ ఆడమనిషి కూర్చుందన్న ధ్యాసే ఉండేది కాదు. బడి నూతికి చేంతాడు కొన్న పాపాన హెడ్మాస్టరు ఏనాడూ పోలేదు.

కోపం ముక్కు మీద ఉండేది అంటారు కదా, ఆయనకి మణికట్టులో ఉండేది. ఓసారి టెక్కలి బస్సులో కండక్టరు ఓ ముసలమ్మని "దిగెహె" అన్నందుకు కాలరు పట్టుకుని వాణ్ణి రోడ్డు మీదికి ఈడ్చేశాడు. ఇంకోసారి చెప్పు కుట్టేవాడు ఆలస్యం చేశాడని అదే చెప్పుతో వాణ్ణి కొట్టాడు. మొదటి సంగతి చెప్పి మురిసిపోయేవాళ్ళు రెండోది చెప్పరు. నేను రెండూ చూశాను.

పాఠం చెప్పే పద్ధతి మాత్రం ఆయనదే. "మాటకి అమ్మమ్మ ఉంటాదిరా. అమ్మమ్మ ఊరు తెలీకుండా మాటని ఇంటికి తెచ్చుకుంటే అది నీ ఇంట్లో ఉండదు," అనేవాడు. ప్రతి ఏడూ తప్పకుండా చెప్పే పాఠం ఒకటుంది. నా క్లాసు వరండాకి అవతలే కాబట్టి నాకూ కంఠతా వచ్చేసింది.

"ఒరే, డబ్ల్యూతో మొదలెట్టి రింగ్ అని రాయండి. ఏలికి పెట్టుకునే ఉంగరం కాదు, ఇది ఏరే. మెలితిప్పి పిండడం. ఈ డబ్ల్యూని ఇప్పుడెవులూ పలకరు. సచ్చిపోనాది. మరి శవాన్ని గుమ్మంలో ఎందుకొగ్గేసినారు? ఇది ఏ ఇంటిదో గురుతుండాలని."

గుమ్మంలో ఆ శవం ఉన్న మాటల్లో చాలా మట్టుకు ఒకే ఇంటివి అనేవాడు. మెలితిప్పే పనిముట్టు రెంచి. మెలి తిరిగే కీలు రిస్టు, అంటే మణికట్టు. నొప్పికి ఒళ్ళు మెలికలు తిరిగిపోతే రైద్. కోపానికి లోపల మెలితిరిగిపోతే రాత్. తిన్నగా ఉండాల్సింది మెలిపడిపోతే రాంగ్. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషువాళ్ళు 'వ్రింగన్' అని వకారాన్ని నోరారా పలికేవాళ్ళని చెప్పి, అలా పలికి చూపించేవాడు. ఒక్క 'రైట్', అంటే రాయడం, ఈ ఇంటిది కాదనీ, అది గీరడం నుంచి వచ్చిందనీ, గుమ్మంలో శవాన్ని చూసి మోసపోవద్దనీ హెచ్చరించేవాడు. గొప్పగా ఉండేది. నేను పద్యం ఆపేసి వినేదాన్ని.

చెప్పడం అయ్యాక చూపించడం. పాఠం అప్పజెప్పలేనివాణ్ణి దగ్గరికి పిలిచి కుడిచేత్తో వాడి ఎడమ చెవి పట్టుకునేవాడు. పీచు పురిపెట్టిన చెయ్యి కదా, ఎప్పుడూ ఒకే వైపు తిరిగేది. ఆ సంగతి పిల్లలు కనిపెట్టేశారు. ఆ బడిలో పెద్దపిల్లలు చిన్నపిల్లలకి చెప్పే మొదటి పాఠం అదే. "సెవి ఎటెల్తే నువ్వూ అటే తిరిగిపోరా. ఆగినావంటే తెగిపోతాది." అందుకని ఆయన చెవి పట్టగానే పిల్లవాడు నడుం వంచి, మెడ వాల్చి, గానుగెద్దులా ఆయన చెయ్యి కింద ఒక చుట్టు తిరిగేసేవాడు. తిరగడం రాని కొత్తవాడికి రక్తం వచ్చేది. తల్లిదండ్రులొచ్చి అడ్డుపడతారనుకుంటే అదీ లేదు. "కల్లు రెండూ ఒగ్గేసి ఇంకెక్కడైనా కొట్టండి మాస్టారూ," అని దండం పెట్టి పోయేవాళ్ళు.

ఓ మధ్యాహ్నం ఆయన తాడు పేనుకుంటుంటే నేనే కదిపాను. "ఆ శవం మా గుమ్మంలోనూ ఉంది మాస్టారూ. వ్రాయడం రాయడమైపోయింది, వ్రేలు వేలైపోయింది. ఒకచోట వకారం పోయింది, ఇంకోచోట రేఫం పోయింది. పెద్దలు ఇంకా వ్రాస్తూనే ఉన్నారు, పిల్లలు రాసుకుంటున్నారు."

పేనుతున్న చెయ్యి ఆగిపోయింది. "ఇంకోపాలి సెప్పమ్మా," అన్నాడు. మళ్ళీ చెప్పాను. వేలు ఎత్తి దానికేసి చూసుకుంటూ, "వ్రేలు... వ్రేలు..." అని చాలాసేపు అనుకున్నాడు. సాయంత్రం నేను బస్సెక్కేసరికి నా సీటు కింద మాస్టారు పెట్టించిన కొబ్బరికాయల గోనె ఉంది. ఆ రోజు ఆయన నాకు నచ్చాడు. మర్నాడు మొదటి పీరియడ్లోనే ఓ పిల్లవాడి చెవితమ్మె చిట్లి చొక్కా తడిసింది. ఆ నచ్చడం అక్కడికి సరి.

ఆ పిల్లవాణ్ణి రెక్క పట్టుకుని స్టాఫురూములోకి తీసుకెళ్ళాను. "ఇది చదువా, కసాయిపనా?" అని అందరి ముందూ అడిగాను.

ఆయనకి కోపం రాలేదు. అదే నాకు మరీ ఒళ్ళు మండించింది. "పంతులమ్మా, తడిగుడ్డని మెలిపెడితేనే నీల్లు దిగుతాయి. బుర్రా అంతే," అన్నాడు. "నా కాడ సదివినోడు ఇంగిలీసు తప్పినాడని ఎవులైనా సెప్పగలరేటి?"

ఎవరూ చెప్పలేరు. అదే వచ్చిన చిక్కు.

ఆ రోజుల్లోనే కొండల్లో మొదలైన పోరు ఉద్దానం దాకా దిగింది. పంట ఎవరిది, భూమి ఎవరిది అన్న తగువు తలలు తెగేదాకా వచ్చింది. పోరు చేసేవాళ్ళు షావుకార్ల ఇళ్ళ మీద పడి నరికేశారు. వాళ్ళ వెనకే పోలీసులు దిగారు. జీడిమామిడి తోటల్లోకి కట్టెలకెళ్ళిన ఆడవాళ్ళకి శవాలు కనిపించేవి. ఎవరు చంపారని అడిగితే అడిగినవాడికే ప్రమాదం, కాబట్టి అడిగేవారు లేరు. మా బడిలో పడమటివైపు రెండు గదులు పోలీసుల క్యాంపుకిచ్చారు. గోడకి ఇవతల ఎక్కాలు, అవతల ఏడుపులు. అక్కడ అరుపు మొదలైతే ఇక్కడ మేం గొంతు పెంచి పాఠం చెప్పేవాళ్ళం. పిల్లలకి వినిపించకూడదని అనుకునేవాళ్ళం గానీ, నిజానికి మాకు వినిపించకూడదని.

ఆ క్యాంపుకి అధికారి ఓ కుర్ర ఎస్సై. మాస్టారి పాత విద్యార్థి. వచ్చిన రోజునే టోపీ చంకలో పెట్టుకుని ఆయన కాళ్ళకి దండం పెట్టాడు. మాస్టారు పొంగిపోయాడు. "నా సేతిలో మెలితిరిగినోడు," అని స్టాఫురూములో అందరికీ చూపించాడు. ఆ రోజు నుంచీ తన క్లాసుని ఆనుకుని ఉన్న గదిలోంచి వచ్చే అరుపుల గురించి ఆయన నోరు మెదిపితే ఒట్టు.

ఓ రోజు పొద్దున్న ఇంకో పాత విద్యార్థిని తీసుకొచ్చారు. ఇతను చదువయ్యాక ఊళ్ళోనే ఉండిపోయి కూలివాళ్ళకి అక్షరాలు నేర్పేవాడు. షావుకారు ఇంటి మీద పడ్డవాళ్ళలో ఉన్నాడన్నారు. ఉన్నాడో లేడో నాకు ఈనాటికీ తెలీదు. జీపులోంచి దించేటప్పటికే ముఖం వాచి ఉంది. వరండాలో నన్ను చూసి, "బాగున్నారా అమ్మా," అన్నాడు.

మధ్యాహ్నం బెల్లు కొట్టాక మాస్టారు పాఠం మొదలెట్టాడు. గోడ అవతల కేక లేచింది. ఆయన గొంతు పెంచాడు. కేక ఇంకా పెరిగింది. తరవాత కేక ఆగి, మనిషి రొప్పుతున్న చప్పుడు, దాని మీద ఎస్సై మాటలు మా అందరికీ స్పష్టంగా వినిపించాయి. అతను అరవడం లేదు. సముదాయిస్తున్నట్టే ఉంది గొంతు.

"తడిగుడ్డని మెలిపెడితేనే కదరా నీల్లు దిగేది. మన మాస్టారు సెప్పనేదేటి? సెప్పీరా, ఆల్లందరూ ఎక్కడున్నారు?"

మాస్టారి పాఠం ఆగిపోయింది. సుద్దముక్క పట్టుకునే బయటికొచ్చాడు. మెల్లగానే నడిచాడు, క్యాంపు గది గుమ్మం దాటి లోపలికెళ్ళాడు. ఆయన వెనక ఆయన క్లాసు, దాని వెనక నా క్లాసు వరండాలోకి వచ్చేశాయి. నేను పిల్లల్ని ఆపాలి. ఆపకుండా వాళ్ళతోపాటే వెళ్ళాను.

కుర్రాణ్ణి కిటికీ ఊచకి కట్టేశారు. ఓ చెయ్యి వెనక్కి విరిచి, భుజం దాకా మెలితిప్పి పట్టుకుని ఉన్నాడు ఎస్సై. మాస్టారు వెళ్ళి కుడిచేత్తో అతని ఎడమ చెవి పట్టుకుని మెలిపెట్టాడు.

ఎస్సై తిరిగాడు.

కుర్రాడి చెయ్యి వదిలేసి, నడుం వంచి, మెడ వాల్చి, ఆయన చెయ్యి కింద ఒక చుట్టు పూర్తిగా తిరిగేశాడు. టోపీ కిందపడి దొర్లింది. తిరగాలని అతను అనుకుని ఉండడు. ఎనిమిదో తరగతిలో నేర్చుకున్నది ఒంటికి గుర్తుండిపోయింది, అంతే. ముందు ఓ కానిస్టేబులు కిసుక్కుమన్నాడు. వరండాలో పిల్లలు గొల్లుమన్నారు. కిటికీకి కట్టేసి ఉన్న కుర్రాడు కూడా నెత్తురు నోటితో నవ్వాడు.

ఆ నవ్వు పూర్తయ్యేలోగా ఎస్సై నిలదొక్కుకున్నాడు. ముఖం నల్లబడిపోయింది. "పట్టుకోండెహె," అన్నాడు. నవ్వినవాడూ ఇంకొకడూ మాస్టారి కుడిచేతిని లాగి బల్లకేసి అదిమిపట్టారు. ఎస్సై లాఠీ తీసి మణికట్టు మీద కొట్టాడు. ఎండిన కొబ్బరిమట్ట విరిగిన చప్పుడైంది. మళ్ళీ కొట్టాడు. ఎస్సై ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే కొట్టాడు.

"నువ్వు మెలిపెడితే సదువా? నాను మెలిపెడితే పాపమా? సెప్పు మాస్టారూ, సెప్పు."

మాస్టారు నేల మీద కూలబడిపోయాడు. చెయ్యి మణికట్టు దగ్గర ఉండకూడని వైపుకి ఒరిగిపోయి ఉంది. ఆయన మాత్రం ఎస్సై ముఖంకేసే చూస్తున్నాడు. నేనేం కేకలు పెట్టానో నాకు గుర్తులేదు గానీ, పెట్టానని అందరూ చెప్పారు. ఈలోగా మా ప్యూను బడిగంట పట్టుకుని ఆపకుండా వాయించేశాడు. ఎక్కడో నిప్పంటుకుందనుకుని చేలల్లో ఉన్నవాళ్ళూ తోటల్లో ఉన్నవాళ్ళూ కడవలతో పరిగెత్తుకొచ్చారు. బడి ఆవరణ నిండిపోయింది.

ఆ కుర్రాడు బతికింది అందుకే. పట్టపగలు, ప్రాణంతో, పోలీసుల చేతిలో ఉండగా ఊరంతా చూసేసింది. ఇక అతన్ని ఏ తోటలోకీ తీసుకుపోవడానికి వీల్లేకపోయింది. ఆ రాత్రికల్లా జీపులో టెక్కలి తీసుకెళ్ళి మేజిస్ట్రేటుకి చూపించారు. అదే వారం పక్క ఊళ్ళో పట్టుకున్నవాళ్ళు ఇళ్ళకి తిరిగి రాలేదు. ఎదురుకాల్పులన్నారు.

కేసు నడిచింది. కుర్రాడు ఆ సాయంత్రం కొండ దగ్గర నాటుతుపాకీతో పట్టుబడ్డాడనీ, తన నేరమంతా తనే ఒప్పుకున్నాడనీ పోలీసుల వాదన. మధ్యాహ్నమే బడిలో ఉన్నాడనీ, చిత్రహింస పెడితే ఒప్పుకున్నాడనీ సాక్ష్యం చెప్పాల్సింది మేము. చాలామంది జారుకున్నారు. మాస్టారూ, ప్యూనూ, నేనూ మిగిలాం. మా నాన్న నాతో మాట్లాడడం మానేశాడు.

మాస్టారు మెళ్ళో వేసుకున్న కట్టులో చెయ్యి పెట్టుకుని బోనెక్కాడు. కోర్టు హాలంతా ఆయన శిష్యులే. గుమాస్తా, బిళ్ళజవాను, వెనక బల్ల మీద ఎస్సై. అవతలి ప్లీడరు లేచాడు.

"మీరు పిల్లల్ని కొడతారా?"

"కొడతాను బాబూ."

"చెవులు మెలిపెడతారా?"

"పెడతాను. నెత్తురు కూడా వొచ్చీది."

"అది చిత్రహింసేనా?"

ఆయన ఏమంటాడో నాకు తెలుసనుకున్నాను. తడిగుడ్డా నీళ్ళూ అంటాడు. అన్నాడంటే కుర్రాడు మునిగినట్టే. మాస్టారు చేస్తే చదువైనది శిష్యుడు చేస్తే హింస ఎలా అవుతుందని అడగడానికి ప్లీడరు కాచుకుని ఉన్నాడు. మా ప్లీడరైతే "ఎవర్నీ కొట్టనని చెప్పెయ్యండి, పీడా పోతుంది," అని ముందే బతిమాలుకున్నాడు. ఆయన వినలేదు.

మాస్టారు వెనక బల్ల మీదున్న ఎస్సైకేసి చూశాడు.

"హింసే బాబూ," అన్నాడు. "నాను సేసిందీ అదే, ఆడు సేసిందీ అదే. ఆడు నా కాడే నేర్సినాడు. నాను మానేత్తన్నాను. ఆడ్నీ మానెయ్యమని మీరు సెప్పండి."

మేజిస్ట్రేటు కలం ఆపి ఆయనకేసి చూశాడు. తన తప్పు తానే ఒప్పుకున్న మనిషి అబద్ధమాడడని నమ్మారో ఏమో, కేసు నిలబడలేదు. కుర్రాడు ఇంటికొచ్చాడు. ఎస్సైకి ఏ శిక్షా పడలేదు, బదిలీ అయ్యాడు. ఆ కోపం నాకింకా చల్లారలేదు, చల్లారకూడదు కూడా.

మాస్టారి చెయ్యి అతుక్కుంది గానీ మణికట్టు మెలితిరిగేది కాదు. అందుకే కొట్టడం మానేశాడని తరవాత చాలామంది అన్నారు. నమ్మకండి. ఎడమచెయ్యి నిక్షేపంలా ఉంది. దాంతో రాయడం కూడా నేర్చుకున్నాడు.

కోర్టు అయ్యాక ఆయన బడికొచ్చిన మొదటి రోజు నేను వరండాలో నిలబడి చూశాను. దాచుకోవడమెందుకు, ఎన్నాళ్ళు నిలబెట్టుకుంటాడో చూద్దామనే నిలబడ్డాను. చెప్పిన పని ఎవరెవరు రాయలేదని అడిగాడు. ఓ ఎనిమిదో తరగతి పిల్లవాడు లేచి, పిలవకుండానే బల్ల దగ్గరికొచ్చి, మెడ వాల్చి నిలబడ్డాడు.

"ఎల్లి కూకో," అన్నాడు మాస్టారు.

వాడు కదల్లేదు. ఆయనకి సరిగా అర్థం కాలేదేమోనని, "రాయనేదు మాస్టారూ," అని మళ్ళీ చెప్పాడు.

"తెలిసినాది. కూకో."

"కొట్టరేటి?"

"కొట్టను. ఇంకెవుల్నీ కొట్టను."

వాడు వెనక్కి తిరిగి క్లాసుకేసి చూశాడు, మళ్ళీ ఆయనకేసి చూశాడు. ఎన్ని దెబ్బలు తిన్నా చుక్క రాల్చని వాడు భోరుమన్నాడు.

"నన్నొగ్గేసినారేటి మాస్టారూ? కొట్టకపోతే నాకు సదువెలగొత్తాది?"

మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టేశాడు. వెళ్ళి వాడి బెంచీ మీద, వాడి జాగా పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు.

"నాకూ తెల్దురా," అన్నాడు. "రా, కూకో. ఇద్దరం సూద్దాం."